స్పెయిన్ గోల్స్ పట్టిక గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ స్పెయిన్ జాతీయ ఫుట్‌బాల్ జట్టు గోల్స్ పట్టిక గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. 98 మ్యాచ్‌ల్లో 59 గోల్స్ చేసిన డేవిడ్ విల్లా గారు మీ పైవరసలో సుఖంగా ఉన్నందుకు సంతోషం. మా అర్జీ ఆయన గురించి కాదు.

ఇంకా కిందికి, బాగా కిందికి దిగితే ఇసిద్రో లాంగారా అనే పేరుంది. 12 మ్యాచ్‌లు, 17 గోల్స్. ఒక్కటి ఎక్కువా రాయలేదు, ఒక్కటి తక్కువా రాయలేదు. మీ నిజాయితీని శంకించేంత ధైర్యం మాకెక్కడిది? కూడిక మీకు బాగా వచ్చు. భాగహారంతోనే పేచీ. మ్యాచ్‌కు ఎన్ని గోల్సో భాగించి చూస్తే విల్లా గారిది ఒకటికి లోపు, లాంగారాది ఒకటికి పైన.

ఆ 17లో ఐదు ఒక్క పూటలో వచ్చినవే. 1934 మార్చిలో మాడ్రిడ్‌లో పోర్చుగల్‌ను 9-0తో చితకబాదిన రోజది. మే నెలలో ఇటలీలోని జెనోవాలో ప్రపంచ కప్ మ్యాచ్. బ్రెజిల్ మీద ఇంకో రెండు. ఆడే క్లబ్బు చూద్దామా అంటే మాడ్రిడ్డూ కాదు, బార్సిలోనా కూడా కాదు. బొగ్గు గనుల సీమ ఆస్తూరియాస్‌లోని ఒవియేడో. అప్పుడప్పుడే మొదటి డివిజన్‌కు ఎక్కిన ఆ జట్టు నుంచి వరసగా మూడు సీజన్లు లీగ్ టాప్ స్కోరర్ అతనే.

1936 జూలైలో స్పెయిన్‌లో సైన్యం ప్రభుత్వం మీద తిరగబడింది, అంతర్యుద్ధం మొదలైంది. లాంగారాకు అప్పుడు 24 ఏళ్లు. మీరు మాత్రం మారు మాట్లాడకుండా ఖాతా మూసేశారు. కాలు విరిగిందా, దేశం విరిగిందా అన్నది రాసుకోవడానికి మీ దగ్గర గడి లేదు మరి. ఆ విషయంలో చిత్రగుప్తుడే నయం, కారణాలు కూడా రాసుకుంటాడట.

1937లో లాంగారాతో పాటు ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ సీమ ఆటగాళ్లు జట్టుగా కూడి, తమ గోడు లోకానికి వినిపించడానికి విదేశాలకు బయలుదేరారు. ఏప్రిల్ 26న పారిస్‌లో మొదటి మ్యాచ్. 3-0 గెలుపు, మూడు గోల్సూ లాంగారావే. అదే రోజు వాళ్ల సొంతగడ్డ మీద గెర్నికా పట్టణం బాంబులకు తగలబడింది. ఆ మూడు గోల్స్ మీ లెక్కకు రావు. అది జాతీయ జట్టు కాదు కదా, నియమం నియమమే!

ఆ తర్వాత మెక్సికో, అక్కడి నుంచి అర్జెంటీనా. 1939లో ఓడ ప్రయాణపు బడలిక తీరకముందే అక్కడి సాన్ లొరెన్సో క్లబ్బు తరఫున తొలి మ్యాచ్ ఆడి, రివర్ ప్లేట్ అంతటి జట్టు మీద నాలుగు గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది అక్కడా టాప్ స్కోరర్ల వరసలో చేరాడు. మళ్లీ మెక్సికో వెళ్లి అక్కడా అదే పని. 1946లో 34 ఏళ్ల వయసులో ఒవియేడోకు తిరిగి వచ్చాడు. మీ వరసలో మాత్రం అప్పటికీ 12, 17.

మా కోరిక చిన్నది. ‘ఆడిన మ్యాచ్‌లు’ పక్కన ‘ఆడనివ్వని మ్యాచ్‌లు’ అని ఇంకో గడి గీయండి. అందులో ఏ అంకె వేయాలో తోచకపోతే ఖాళీగా ఉంచండి, ఫరవాలేదు. చోటు చాలదంటారా? విల్లా గారిని కాస్త పైకి జరగమనండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇట్లు,
భాగహారం వచ్చిన ఒక అభిమాని