డాక్సీసైక్లిన్ గారికి, గుండెమంటతో రాయునది

మహారాజశ్రీ డాక్సీసైక్లిన్ 100 ఎంజీ గారి సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా గానీ కుశలం మీ ఒక్కరి వైపే ఉంది, ఇక్కడ మా ఇంట్లో ఒకరికి మంచినీళ్ళు కూడా గొంతు దిగట్లేదు, ఇంకొకరికి ముక్కు మీద తోలు ఊడుతోంది, కాబట్టి డైరెక్ట్‌గా విషయానికొస్తా.

మా అక్కా బావా కంపాలాలో ఉంటారు. పిలవగా పిలవగా ఇన్నాళ్ళకి ఉగాండా టికెట్లు తీసుకున్నాం. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే వాళ్ళు లోపలికి రానివ్వరు, వచ్చేటప్పుడు మనోళ్ళు కూడా రానివ్వరు అన్నారని హైదరాబాద్ నారాయణగూడలో టీకాలేసే సర్కారు సంస్థ ఐపీఎంకి పోయి వేయించుకున్నాం. ఆ టీకా ఎంత మర్యాదస్తురాలో, ఒక్కసారి పొడిపించుకుంటే జీవితాంతం మళ్ళీ పలకరించదు. మలేరియాకి మాత్రం మాలాంటి ప్రయాణికులకిచ్చే టీకా లేదు, సరిగ్గా ఆ సందులోనే, మలేరియా రాకుండా వేసుకునే యాంటీబయాటిక్‌గా మీరు ఎంటరయ్యారు.

డాక్టర్ గారు చెప్పింది రెండు ముక్కలు. వెళ్ళడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకొకటి వేసుకోండి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు ఆపొద్దు. అంతే. మందుల షాపు కుర్రాడు స్ట్రిప్పుని కత్తెరతో టకటకా కత్తిరించి కాగితం కవర్లో పడేస్తూ "మొటిమలకా మేడమ్" అన్నాడు, నా వయసుకి అదొక కాంప్లిమెంట్ అనుకోండి. మీతో పాటు రావాల్సిన కాగితం, అదే సన్నక్షరాలతో మడతలు మడతలుగా ఉంటదే, అది రాలేదు. మన దగ్గర అది ఎవరికీ రాదు. అందుకని మీ రూల్స్ అన్నీ మాకు ఒక్కోటీ ఒక్కో అవయవం ద్వారా తెలిసొచ్చాయి. ఇంక ఈ మీరూ గీరూ నావల్ల కాదు, నువ్వు అనే అంటా.

మొదట తెలిసింది మా ఆయన అన్నవాహికకి. ఆయన అన్ని మాత్రలూ వేసుకున్నట్టే నిన్ను కూడా పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని ఒక్క గుటక నీళ్ళతో మింగి అలాగే వెనక్కి వాలిపోయారు. నువ్వేమో సగం దారిలో అతుక్కుని, అక్కడే తీరిగ్గా కరిగి, ఆ చోటునే పుండు చేసి పెట్టావు. అర్ధరాత్రి లేచి గుండెపోటు అంటారాయన, గుండె మీద చెయ్యేసుకుని నిజంగానే భయపడ్డారు పాపం, నేను ఇన్సూరెన్స్ కాగితాలు వెతుకుతున్నా. తీరా కంపాలా డాక్టర్ చూసి, కాప్స్యూల్ నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట నిటారుగా ఉండాలి కదా అంది. ఈ ఒక్క వాక్యం కవరు మీద పెన్నుతో రాయడానికి ఎంత టైమ్ పడుతుందో ఎవరైనా చెప్పండి.

సరే మంట తగ్గాలని అక్క వెంటనే జెలూసిల్ తీసింది, మన ఇళ్ళల్లో అది గంగాజలం కదా. దానికీ నీకూ పడదంట! అందులో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం నిన్ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవంట, కాల్షియం బిళ్ళలూ ఐరన్ బిళ్ళలూ ఐనా అంతే, వాటికీ నీకూ మధ్య గంటల తరబడి ఎడం ఉంచాలంట. అంటే కడుపులో మంట పెట్టేదీ నువ్వే, ఆ మంటకి మందు తాగితే అలిగి పనిచెయ్యడం మానేసేదీ నువ్వే. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, కాబట్టి తిన్నాక వెయ్యాలి, తిన్నాక అంటే మాకు చివర్లో పెరుగన్నం ఉంటది, పెరుగుతో ఐతే నీ పాత చుట్టం టెట్రాసైక్లిన్ అంత కాకపోయినా నువ్వు కూడా రక్తంలోకి పోవడం కాస్త తగ్గుతావంట. కంపాలాలో మటోకే అని ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద పెట్టినా వేరుశనగ సాస్ పెట్టినా ఎదురుచెప్పకుండా తిన్న మనిషి పెరుగు దగ్గర ఆగి గడియారం చూడటం మా అక్క జీవితంలో మొదటిసారి చూసిందంట. మాల వేసుకున్న స్వాములకి కూడా ఇన్ని నియమాలు ఉండవు, పైగా వాళ్ళని చూసి నలుగురూ దండం పెడతారు, మమ్మల్ని చూసి మా బావ నవ్వుతాడు.

తర్వాత చర్మం వంతు. చూడు, ఒక దేశం నడిమధ్యలోంచి భూమధ్యరేఖ పోతుంటే, అక్కడికి వెళ్ళేవాళ్ళకి, వేసుకుంటే ఒంటికి ఎండ పడని మాత్ర ఇవ్వాలన్న ఐడియా ఎవరికొచ్చిందో గానీ వాళ్ళకి సన్మానం చెయ్యాలి. మసాకా రోడ్డు మీద కయాబ్వేలో ఆ రేఖ దగ్గర ఒక కాలు ఉత్తరాన ఒక కాలు దక్షిణాన పెట్టి ఫోటోలు దిగుతారే, మేమూ దిగాం, రెండు అర్ధగోళాల్లోనూ సమానంగా కాలాం. "మనకేంటే సన్‌బర్న్, అదంతా తెల్లోళ్ళకి" అని పొద్దున సన్‌స్క్రీన్ పక్కన పెట్టించిన అక్కే సాయంత్రం కలబంద గుజ్జు రాసింది. జింజాలో నైలు మీద పడవెక్కితే పైనుంచి ఒక ఎండ, నీళ్ళ మీంచి ఇంకో ఎండ. మా ఆయన కారులో ముందు ఎడమ సీట్లో అద్దం వేసుకుని కూర్చున్నా సరే ఆ కిటికీ వైపు చెయ్యి ఒక్కటే కందిపోయింది, ఎందుకంటే నువ్వు చుట్టరికం కలుపుకునేది ఎండలో ఉండే యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలతోనంట, అవి మామూలు అద్దంలోంచి దర్జాగా వచ్చేస్తాయి. కొంతమందికి గోళ్ళు కూడా లేచొస్తాయంట. పొద్దునంతా సన్‌స్క్రీన్, పొద్దుగూకాక దోమల క్రీమ్, ఎందుకంటే మలేరియా మోసే అనాఫిలిస్ దోమ సాయంత్రం నుంచి తెల్లవారేదాకా డ్యూటీ చేస్తది. ఈ రెండు క్రీముల మధ్య మా ఒంటికి గాలి తగిలింది స్నానాలగదిలోనే.

ఇంకోటుంది, అది ఏ వాట్సాప్ అంకులూ ట్రావెల్ టిప్స్‌లో రాయడు. నువ్వు లోపలున్న మంచి బాక్టీరియాని కూడా ఊడ్చేస్తావు కదా, ఆ ఖాళీలో ఆడవాళ్ళకి ఫంగల్ ఇన్ఫెక్షన్ వస్తది, దురద, మంట, సఫారీ జీపులో గంటలు గంటలు కూర్చోవాలి, పక్కన బావ. దానికీ ఒక మందుంది, ఆ మందు కూడా ముందే రాయించుకుని బ్యాగులో పెట్టుకోమని ఒక్కరైనా చెప్పొచ్చు. సిగ్గు మాది, దురద మాది, నీకేం పోయింది.

8 ఏళ్ళ లోపు పిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ మాత్రం సాధారణంగా నిన్ను ఇవ్వరు, అంతవరకు వాళ్ళు అదృష్టవంతులు. చాలా అరుదుగా విపరీతమైన తలనొప్పి, చూపు మసకలు కూడా వస్తాయంట, అదొస్తే మాత్రం లేఖలు రాస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే, అక్కడ నేను జోకులెయ్యను.

ఇంత తిట్టాక నీ బయోడేటా చూశా. చూస్తే మనం దూరపు చుట్టాలమే! మీ వంశంలో మొదట పుట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది, దాన్ని మట్టిలోంచి వెలికి తీసింది బెంజమిన్ డగ్గర్, ఆయన పనిచేసిన లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధన పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. నీకు అమెరికాలో అనుమతి వచ్చింది 1967లో. ఇంక దోమ సంగతి అంటావా, మలేరియాని మోసేది అదేనని 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ తేల్చింది మన సికింద్రాబాద్‌లో. హుస్సేన్ ఖాన్ అనే ఆయనకి కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి మరీ కుట్టించాడు. ఆ రోజుల్లో దోమ కుడితే ఎదురు డబ్బులొచ్చేవి, మేమేమో విమానం టికెట్లు కొనుక్కుని వెళ్ళి మరీ కుట్టించుకుంటున్నాం.

కంపాలాలో మనోళ్ళని అడిగితే "మేమెవ్వరం ఆ మాత్రలు వేసుకోం అమ్మా, ఏళ్ళ నుంచి ఉంటున్నాం, ఏం కాలేదు" అంటారు, ఆ వెంటనే అదే గొంతుతో "మలేరియా అంటావా, అది అప్పుడప్పుడు వస్తూ ఉంటది, పోతూ ఉంటది" అంటారు, జలుబు సంగతి చెప్పినట్టు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి చిన్నప్పటి నుంచి పదే పదే వచ్చీ వచ్చీ కొంత తట్టుకునే శక్తి వస్తది నిజమే, ఆ శక్తి రాకముందే పోయిన పసిపిల్లల లెక్క ఎవరు చెప్తారు. గుంటూరు నుంచి దిగిన మనిషికి ఆ శక్తి వీసాతో పాటు స్టాంప్ వేసి ఇవ్వరు కదా. మలేరియాలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ఐతే రోజుల్లోనే మెదడు దాకా పోతది. మా బావ నవ్వుకి నేను లొంగకపోవడానికి కారణం ఇదొక్కటే, నీ మీద ప్రేమ కాదు.

నీకు పోటీగా ఇంకెవరైనా ఉన్నారా అని కూడా వెతికా, దాచడమెందుకు. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అని ఒకటుంది, తిరిగొచ్చాక 7 రోజులు చాలు, ఎండతో గొడవ లేదు, కాకపోతే ధర చూసి మా ఆయన "ఎండ మంచిదేలే, విటమిన్ డి" అన్నారు. మెఫ్లోక్విన్ ఉంది, వారానికొక్కటే, కానీ కొందరికి పీడకలలు, ఆందోళన, తల తిరుగుడు, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి పెద్ద హెచ్చరికే పెట్టింది. క్లోరోక్విన్‌ని ఆఫ్రికాలో ఫాల్సిపారం ఎప్పుడో లెక్కచెయ్యడం మానేసింది. అలా తిరిగి తిరిగి మళ్ళీ నీ గుమ్మంలోకే, ఎందుకంటే నువ్వు చవక, నీ చవకంతా మా గొంతులో, తోలులో వసూలవుతుంది.

అసలు మలేరియా బాక్టీరియానే కాదు, దానికి యాంటీబయాటిక్ ఏంటని మా ఆయన వాదన. మలేరియా తెచ్చే ఆ పరాన్నజీవి లోపల ఎపికోప్లాస్ట్ అని ఒక చిన్న భాగం ఉంటదంట, ఎప్పటి కాలంలోనో మింగిన నాచు తాలూకు మిగులు, దాని లోపలి యంత్రాలు బాక్టీరియావి లాంటివే, నువ్వు పోయి వాటిని మూయిస్తావు. ఐనా అది వెంటనే చావదు, దాని పిల్లలు చస్తాయి. శత్రువుని వదిలేసి వంశం మీద పడే నీ పద్ధతి చూస్తే మా ఊరి భూమి తగాదాలు గుర్తొచ్చాయి. ఆ పరాన్నజీవి ముందు లివర్లో దాక్కుంటది, అక్కడ నిన్ను నమ్మలేం, రక్తంలోకి దిగాకే నీ పని, అందుకే ఇంటికొచ్చాక కూడా ఆ 4 వారాలు. ట్రిప్ ఫోటోలకి లైకులు రావడం ఆగిపోయినా నువ్వు ఆగవు. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు, ఇంటికొచ్చేశాం కదా ఇంకెందుకు అని, తర్వాత చలిజ్వరం వస్తే వైరల్ అనుకుని పారాసిటమాల్ వేసుకుని పడుకుంటారు, ఆఫ్రికా వెళ్ళొచ్చామని డాక్టర్‌కి చెప్పడం కూడా గుర్తుండదు.

నేనైతే ఆపలేదు. రాత్రి భోజనమయ్యాక, పెరుగుకి ముందు, నిండు గ్లాసు నీళ్ళతో నిన్ను మింగి టీవీ ముందు నిటారుగా కూర్చుంటున్నా, మా అత్తగారు "ఏంటమ్మాయ్ సీరియల్ మీద అంత భక్తి" అంటున్నారు. నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, పిల్లాడికి మొటిమలంట, నీ దగ్గర ఆ డాక్సీ ఏదో మిగిలిందంట కదా పంపించు వదినా అంది. లెక్కపెట్టి చెప్పా, మిగల్లేదని.

ఇట్లు,
పగలు గొడుగు, రాత్రి గ్లాసు పట్టుకుని తిరుగుతున్న
మీ దూరపు చుట్టం