అంకుల్ కాదు, మామయ్య

మా వాడికి నాలుగున్నరేళ్లు. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో పుట్టాడు. డేకేర్‌లో పిల్లలు అమ్మను 'మామా' అంటుంటే విని వీడూ నన్ను అలాగే పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న మా అన్నయ్య వీడియో కాల్‌లోకి వచ్చినప్పుడు మామయ్య అనిపించాలి కదా, ఇద్దరూ మామే అయితే పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడేమోనని అన్నయ్యను 'అంకుల్' చేసేశాను. అన్నయ్య ఏమీ అనలేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే పలికేవాడు.

మొన్న వేసవిలో చిక్కడపల్లిలో మా ఇంట్లోనే వాడికి చెవులు కుట్టించాం. అవుసలాయన పీట మీద కూర్చుని, సన్నటి బంగారు తీగను రెండు వేళ్ల మధ్య తిప్పి కొస చూసుకుంటూ, తలెత్తకుండానే "మేనమామ ఎవరు? జెర ఇట్ల రండి, పిలగాన్ని ఒళ్లె కూసోబెట్టుకోవాలె" అన్నాడు. మావాడు టక్కున నావైపు వేలు చూపించాడు. వాడికి తెలిసిన మామ నేనే మరి! అన్నయ్య వచ్చి వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టి తల కదలకుండా పట్టుకున్నాడు. తీగ దిగగానే వాడు గుక్కపట్టి ఏడుస్తూ అన్నయ్య చొక్కా గుప్పిట్లో బిగించాడు, రెండో చెవి కూడా అయిపోయి నోట్లో బెల్లం ముక్క పెట్టాక కూడా వదల్లేదు. ఏడుపు ఆగేదాకా అలా చొక్కా పట్టుకోనిచ్చిన మనిషిని అంకుల్ అనడానికి నాకింక నోరు రాలేదు.

మర్నాడు సత్యనారాయణ వ్రతం. సంకల్పంలో పంతులుగారు "మమ అనండి" అంటే అందరం "మమ" అన్నాం. వాడు నా చీర లాగి, అందరూ నిన్నెందుకు పిలుస్తున్నారు అని అడిగాడు. సంస్కృతంలో మమ అంటే 'నాది, నా యొక్క' అని. మంత్రం మొత్తం నోరు తిరక్కపోయినా ఆ ఒక్క ముక్క అనేస్తే సంకల్పం మనదైపోతుంది, ఏదైనా పనిని పైపైన కానిచ్చేయడాన్ని 'మమ అనిపించడం' అనేది అందుకే. హోమంలో ఆహుతి వేస్తూ 'న మమ' అంటారు, ఇది నాది కాదని. మన పక్కనే శ్రీలంకలో, సింహళంలో మమ అంటే ఏకంగా 'నేను'.

ఇంత చిన్న మాట ఎంత దూరం తిరిగిందో! స్వాహిలీలో, చైనీస్‌లో మామా అంటే అమ్మ. జార్జియా దేశంలో మామ అంటే నాన్న, అమ్మేమో దెద. ఆ దేశ రాజధాని తిబిలిసీలో కొండమీద 1958లో నిలబెట్టిన పెద్ద స్త్రీమూర్తి పేరు 'కార్ట్లిస్ దెద', అంటే కార్ట్లి సీమకు తల్లి. జార్జ్ మర్డాక్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల్లో అమ్మనూ నాన్ననూ పిలిచే మాటలు 1,072 పోగుచేసి 1959లో ప్రచురించాడు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ వాటిని చూసి చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది: పాలు తాగే బిడ్డకు పెదవులు మూసుకుని ఉంటాయి, అప్పుడు ముక్కులోంచి రాగలిగేది 'మ్' ఒక్కటే, తర్వాత పాలు కావాలన్నా, మనిషి కావాలన్నా అదే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును ఎవరికి పేరుగా పెట్టుకోవాలన్నది పెద్దవాళ్లు చూసుకున్నారు. జార్జియావాళ్లు నాన్నకిచ్చారు. మనవాళ్లు అమ్మకూ ఇచ్చారు, అమ్మ తోడబుట్టినవాడికీ ఇచ్చారు అనిపిస్తుంది నాకు.

కన్ఫ్యూజన్ అంటారా, హైదరాబాద్‌లో ఒక్క పూట తిరిగితే చాలు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర హెల్మెట్ లేని కుర్రాడు "మామ ఉన్నాడ్రా" అంటూ బండిని సందులోకి తిప్పితే ఆ మామ ట్రాఫిక్ పోలీసు. ఇరానీ హోటల్‌లో "ఏం మామా" అంటే జిగిరీ దోస్తు. పాతబస్తీ ఇళ్లలో మామూ అంటే అమ్మ అన్నో, తమ్ముడో. ఉర్దూలో మామా అంటే ఇంకోటుంది, ఇంట్లో పనిచేసే ఆడమనిషి. దేవిడీల్లో, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతుల్లో, వంటా పిల్లల ఆలనా చూసింది ఆ మామాలే. అక్కడ పెరిగిన పిల్లలు ఇందులో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోరు. మా వాడూ అంతే, నానమ్మ దగ్గర 'పాలు', డేకేర్‌లో 'మిల్క్' అని ఎవరూ చెప్పకుండానే అంటాడు. తికమకపడింది నేనే.

అసలు మన 'మామ'లో ఉన్నంత సమాచారం 'అంకుల్'లో లేదు. మేనమామ మామే, మేనత్త భర్త మామే, పెళ్లయ్యాక భర్త తండ్రో భార్య తండ్రో మామే. హిందీలో వీళ్లకు మామా, ఫూఫా, ససుర్ అని మూడు మాటలు. మనకు ఒకటే సరిపోయింది, ఎందుకంటే మేనరికం చేసుకునే ఇళ్లలో మేనమామే పిల్లనిచ్చిన మామ అయ్యేవాడు. బాబాయి పిల్లలు అన్నదమ్ములు, మామ పిల్లలు బావా మరదళ్లు. బాబాయినీ, మామనూ ఇద్దరినీ అంకుల్ అంటే ఆ తేడా పిల్లలకు ఎప్పటికీ తెలియదు. మేనరికాలు తగ్గడం మంచిదే, దగ్గరి రక్తంలో పెళ్లిళ్ల వల్ల పుట్టే పిల్లలకు జన్యు సమస్యల ముప్పు పెరుగుతుందన్నది నిజం. పెళ్లిళ్లు మానేద్దాం, వరసలు ఎందుకు మానేయాలి?

మా రాచెస్టర్‌లో లాయరుగా బతికిన ల్యూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో వెలువడిన తన చుట్టరికాల పుస్తకంలో తెలుగు, తమిళ వరసలను పట్టికలుగా ఎక్కించాడు. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా తెగవాళ్లకూ నాన్న అన్నదమ్ములు నాన్న వరసే, అమ్మ అన్నదమ్ములకు మాత్రం వేరే మాట ఉంది. ఆ పోలిక ఆయన్ను అంతగా కదిలించింది. అదే ఊళ్లో కాపురముంటూ నేను నా కొడుక్కి అంకుల్ నేర్పాను.

ఇక్కడ మన తెలుగు అసోసియేషన్ పండగల్లో కలిసే పెద్దవాళ్లను పిల్లలు అంకుల్ అంటే నాకేం అభ్యంతరం లేదు. అమ్మ తోడబుట్టినవాణ్ని మాత్రం అలా పిలిపించకండి. ఇప్పటికే అలవాటైపోయిందంటారా, మా వాడు మార్చుకోవడానికి వారం కూడా పట్టలేదు.

రాచెస్టర్ తిరిగొచ్చాక ఒక రాత్రి డెక్ మీద అన్నం పెడుతూ చందమామను చూపించాను. పాలసముద్రంలో లక్ష్మీదేవితో పాటు పుట్టాడు కాబట్టి ఆయన మనకు మామ అయ్యాడని మా అమ్మమ్మ చెప్పేది. వాడు ముద్ద నములుతూ కాసేపు చూసి, "అయితే ఈ మామయ్య కూడా నీకు అన్నయ్యేనా?" అని అడిగాడు. అవును నాన్నా అన్నాను.