అడవిబాతుల భూదాహంపై విచారణ జరపాలి

కిలో అటూ ఇటూ తూగే మల్లార్డ్ అనే అడవిబాతు గుడ్లు పెట్టే కాలంలో అనుభవించే స్థిరాస్తుల లెక్క తీస్తే, భూపరిమితి చట్టాలు మనుషులకే ఎందుకు వర్తించాలన్న సందేహం ఎవరికైనా కలగక మానదు.

మంచు కరగగానే ఈ బాతులకు జంటకో గుంట కావాలి. అదీ తల ముంచి తోక పైకెత్తితే ముక్కుకు అడుగు తగిలేంత లోతే ఉండాలి, వేసవికి ఎండిపోయేదైనా అభ్యంతరం లేదట. లోతు తక్కువైతే నీరు త్వరగా వేడెక్కుతుందనీ, నత్తలూ పురుగుల లార్వాలూ ముందుగా పెరుగుతాయనీ, రోజుకొకటి చొప్పున 8 నుంచి 13 గుడ్లు పెట్టే తల్లికి గింజలకన్నా ఆ మాంసకృత్తులే అవసరమనీ వాటి వాదన. ఈలోగా మగబాతు పట్టా ఉన్న ఆసామిలా మరో జంటను గాలిలోనే తరిమికొడుతుంది.

ఇంత హంగామా చేసి, తీరా ఆడబాతు గూడు మాత్రం పొడినేల మీద గడ్డిలో, ఒక్కోసారి నీటికి కిలోమీటరుకు పైగా దూరంలో పెడుతుంది. తల్లి తన రొమ్ము నూగు తానే పీకి పరుపు వేసుకుని సుమారు 28 రోజులు పొదుగుతుంది. పొదగడం మొదలయ్యాక తండ్రిగారు ఈకలు మార్చుకునే నిమిత్తం జమ్ము దట్టంగా ఉన్న మరో పెద్ద నీటికి తరలివెళ్లి, కొన్ని వారాలు ఎగరలేక అక్కడే దాక్కుంటారు. ఈ ఒక్క విషయంలో ఆయన్ను మందలించే అర్హత మగజాతిలో ఎవరికీ లేదు కనుక వదిలేస్తున్నాను.

పిల్లలు గుడ్ల నుంచి బయటపడిన మర్నాటికల్లా తల్లి వాటిని నీటికి నడిపించి, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు మడుగు నుంచి మడుగుకు తిప్పుతుంది. అవి ఎగరడానికి పట్టే రెండు నెలలూ ఎండని నీరు, దాక్కోను తుంగ కావాలి.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం పేరులోనే నీటిపక్షుల ఆవాసాన్ని ప్రత్యేకంగా చేర్పించుకున్నాయంటే వీటి పలుకుబడి ఎంతటిదో ఊహించవచ్చు. ఉత్తర అమెరికా మైదానాల్లో హిమనదాలు వదిలిపోయిన గుంటల్లో చాలావాటి నీరు కాలువల్లోకి మళ్లించి, ఆ నేలను సేద్యానికి తెచ్చి కొంత క్రమశిక్షణ నేర్పారు. అయినా కరువు ఏడాదుల్లో సూదితోక బాతులనే మరో రకం అడవిబాతులు ఒక్క అర్జీ పెట్టుకోకుండా ఇంకా ఉత్తరానికి ఎగిరిపోతాయి, వాటిలో అనేకం ఆ ఏడు గుడ్లే పెట్టవు.

కాబట్టి చెల్లాచెదురుగా ఉన్న గుంటలన్నీ పూడ్చి, బదులుగా నిటారు సిమెంటు గట్లతో ఒకే లోతైన చెరువు తవ్వి, గట్టు మీది గడ్డి నున్నగా కోయించాలని నా ప్రతిపాదన. బాతులు రాకపోతే సిమెంటు బాతులను నిలబెట్టవచ్చు. అవి జంటకో గుంట అడగవు.