పీనుగుల పక్షాన ఒక విన్నపం

బతికున్నవారి తరఫున వాదించడానికి ఈ లోకంలో వకీళ్లకు కొదవ లేదు గనుక, చచ్చి లేచినవారి తరఫున నాలుగు మాటలు చెప్పడం నా విధిగా భావిస్తున్నాను. 2008 అక్టోబరు చివరి వారంలో, హాలోవీన్ పండుగకు ముగిసేలా లెక్క చూసుకుని, బ్రిటన్‌లోని ఈ4 ఛానల్ వరసగా ఐదు రాత్రులు ‘డెడ్ సెట్’ అనే ధారావాహికను ప్రసారం చేసింది. దేశమంతా జాంబీల పాలైనా ఆ కబురు చేరక, బిగ్ బ్రదర్ అనే రియాలిటీ షో కోసం ఒకే ఇంట్లో కెమెరాల మధ్య బందీలైన పోటీదారులు తమ అలకల్లో తాము మునిగి ఉండడం అందులోని కథ. చూసినవారంతా జాంబీలను తిట్టారు. నా అభ్యంతరం అక్కడే.

ముందు మిగతా ముద్దాయిలను చూడండి. కథ మొదట్లో ఊళ్లలో అల్లర్లు చెలరేగుతున్నాయని వార్తలు వస్తుంటే, ప్యాట్రిక్ అనే ప్రొడ్యూసరుకు పట్టుకున్న బెంగ జనం ఏమైపోతారోనని కాదు, ప్రత్యేక వార్తల కోసం తన ఎవిక్షన్ ఎపిసోడ్‌ను, అంటే ఒక పోటీదారును ఇంటి నుంచి సాగనంపే తంతును, ఎక్కడ పక్కకు నెట్టేస్తారోనని. అసలు షోకు అసలు యాంకరైన డేవినా మెకాల్ తన వేషం తానే వేసి, కాటు తిని, జాంబీగా మారి, ఆ ప్రొడ్యూసరు దాక్కున్న గది తలుపును అదేపనిగా బాదుతూ ఉండిపోతుంది. జీతం బకాయి లేకపోయినా ప్రొడ్యూసరు తలుపు అంత పట్టుదలగా తట్టిన యాంకరును నేను మరొకరిని ఎరుగను. రాసిన చార్లీ బ్రూకర్ పత్రికలో టీవీ కార్యక్రమాలను ఏకిపారేసి పేరు తెచ్చుకున్న మనిషి. తీసినదేమో బిగ్ బ్రదర్‌ను తయారుచేసే ఎండెమాల్ గూటి సంస్థే. డబ్బిచ్చి తనను తాను తిట్టించుకుని, ఆ తిట్లను మళ్లీ ప్రకటనల మధ్య పెట్టి అమ్ముకోగల వ్యాపారాన్ని చూశాక, నరమాంసం తప్ప మరో యావ లేని జాంబీ ఎంత అమాయకప్రాణో బోధపడుతుంది.

ఎవిక్షన్ రాత్రి కంచె అవతల చేరిన గుంపును గుర్తు చేసుకోండి. బయటికొచ్చే పిల్లను కొందరు అట్టలెత్తి దీవిస్తారు, కొందరు గొంతు చించుకుని ఛీకొడతారు. ఆమె వాళ్లకు ఏమీ బాకీ లేదు. తర్వాత ఆ కంచెనే పీనుగులు పట్టుకుని వేలాడతాయి. ఈ రెండో గుంపులో పక్షపాతం లేదు, ఫ్యాన్ ఆర్మీలు లేవు. తోటి జాంబీని నిలబెట్టి ముఖాన రంగు పూసి, ‘నువ్వు గిన్నెలు సరిగా తోమలేదు కాబట్టి నామినేట్ చేస్తున్నాను’ అన్న జాంబీ ఐదు ఎపిసోడ్లలో ఎక్కడా కనిపించదు.

ఇదంతా దొరల దేశపు గొడవ అని తోసిపుచ్చడానికి మనకు వీలు లేదు. ఆ ఇంటి నమూనాయే 2017లో బిగ్ బాస్ పేరుతో తెలుగులోకి దిగింది. అప్పటినుంచి మనింట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథిక గాంభీర్యంతో ఒక కంఠం ‘ఇంటి సభ్యులకు’ ఆదేశాలిస్తుంటే, ఆ సమయంలో కూర మాడిపోయినా స్టవ్ దగ్గరికి లేవని కుటుంబాలను నేను స్వయంగా చూశాను. ఆ సోఫాలో నేనూ ఉన్నాను. నిజానికి శవంతో షో నడపడం మనకు కొత్త కాదు: విక్రమార్కుడి భుజాన వేలాడుతూ భేతాళుడు చేసింది అదే. కాకపోతే ఆయన కథ చెప్పి, తప్పెవరిదో ఆలోచించమన్నాడు, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని హెచ్చరించాడు. ఇప్పటి పద్ధతిలో ఆలోచించనక్కర్లేదు, మిస్డ్ కాల్ ఇస్తే చాలు.

కల్పన కాబట్టి అతి చేశారనుకునేవారికి 2020 మార్చిని గుర్తుచేస్తాను. ఫిబ్రవరిలో జర్మనీ బిగ్ బ్రదర్ ఇంట్లోకి వెళ్లినవారికి, బయట కరోనా లోకాన్ని కమ్మేసిన సంగతి చెప్పాలా వద్దా అన్న తర్జనభర్జన జరిగి, చివరికి మార్చి 17న చెప్పారు. ఎలా చెప్పారు? ప్రత్యక్ష ప్రసారంలో, పక్కన ఒక డాక్టరును కూర్చోబెట్టుకుని. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడు కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. ప్యాట్రిక్ బతికి ఉంటే జూమ్ చేయమనేవాడు.

అయినా విమర్శకుడిగా ధారావాహికలో ఒక లోపం ఎత్తిచూపక తప్పదు. చివరి దృశ్యంలో, అందరినీ కాపాడబోయిన కెల్లీ కూడా జాంబీగా మారి కెమెరాలోకి శూన్యంగా చూస్తుంటుంది, బయట ఆ ముఖమే టీవీల్లో వెలుగుతుంటే పీనుగులు కదలకుండా నిలబడి చూస్తుంటాయి. అవి చూడడంలో నాకు వింత ఏమీ కనిపించలేదు. దేశం మొత్తం, లైన్‌మన్‌తో సహా, చచ్చిపోయాక కూడా టీవీలకు కరెంటు వస్తోందంటేనే నమ్మబుద్ధి కాలేదు. మా వీధిలో నాలుగు చినుకులు పడితే సరఫరా ఆగిపోతుంది, మా లైన్‌మన్ నిక్షేపంగా బతికే ఉన్నాడు.