ప్రేమ పెళ్లికి గోడ మీద నోటీసు ఎందుకు?

కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు వెళ్తారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పీర్లనూ ఎత్తుకుంటారు. ఈ కలివిడిని చూసి మురిసిపోవడం మనకు అలవాటే. అదే వరంగల్‌లో ఒక హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి ఎవరి మతంలో వారుండి పెళ్లి చేసుకుంటామంటే మాత్రం ఊరంతటికీ చాటాల్సిందే.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పద్ధతి అది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. పెళ్లి చేసుకోబోతున్నామని జంట ఇచ్చిన నోటీసును వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనబడేచోట అంటించాలి. అభ్యంతరాలకు మరో 30 రోజులు. హైదరాబాద్‌లో దరఖాస్తు పెట్టినా, స్థిరనివాసం భూపాలపల్లిలో ఉంటే నకలు అక్కడికీ వెళ్లి గోడకెక్కుతుంది. ఎవరికి భయపడి ఊరు దాటారో వారికే ప్రభుత్వం కబురు పెడుతుందన్నమాట!

భయపడిన జంట ఏం చేస్తుంది? దగ్గరి దారి వెతుక్కుంటుంది. ఒకరు మతం మారితే చాలు, నోటీసు లేకుండానే గుడిలోనో ఖాజీ సమక్షంలోనో పెళ్లి అయిపోతుంది. మతం మారకుండా పెళ్లాడే వీలు కల్పించాల్సిన చట్టమే మతమార్పిడి వైపు తరుముతోంది. పెళ్లి పేరుతో మతం మారుస్తున్నారని గొంతు చించుకునేవారు ఈ నోటీసును ఎత్తేయమని అందరికన్నా ముందు అడగాలి కదా? అడగరు. వారికి కంటగింపు ఆ పెళ్లే.

నోటీసు లేకపోతే మోసాలు, రెండో పెళ్లిళ్లు పెరుగుతాయంటారు. మొదటి భార్యను దాచి గుడిలో తాళి కట్టేవాడిని ఏ నోటీసు ఆపుతోంది? నోటీసు ప్రచురించాలో వద్దో జంట ఇష్టానికే వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. వివాహం కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి తెలంగాణ శాసనసభ కూడా సవరణకు పూనుకోవచ్చు.

అసలు మతం సగం సాకే, మిగతా సగం ఆస్తి. అల్లుడు కూలీ ఇంటివాడైతే ఆ సాకు మరింత బిగుస్తుంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద మతాంతర వివాహం చేసుకుంటే, ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టే లెక్క అంటుంది 19వ సెక్షన్. వాటా హక్కు పోదు. అయినా ఇళ్లలో వినిపించే బెదిరింపు 'చిల్లిగవ్వ ఇవ్వం' అనే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటాను దేశమంతా 2005లో ఇస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. ఆ వాటా ఇప్పటికీ కట్నంగానో పసుపు కుంకుమగానో కరిగిపోతోంది. హనుమకొండ చుట్టూ ఎకరం ధర పెరిగేకొద్దీ కూతురి ఫోను మీద నిఘా పెరుగుతోంది. పెళ్లి మాట ఎత్తకముందే పట్టాదారు పాసుపుస్తకంలో కూతురి పేరు ఎక్కించమనండి. ఆ తర్వాత అల్లుడి మతం గురించి ఎందరు నోరెత్తుతారో చూద్దాం.