పదిహేడో ఎక్కం, పాడ్వా బ్లౌజు

సంప్, అంటె సమ్మె, మంచిదా, చెడ్డదా అని ఎవరినన్న అడిగేముందు, వాళ్ల పిల్లలు ఆ పొద్దు పదింటికి ఎక్కడున్నరో అడగాలె. జవాబు అక్కడనే దొరుకుతది. 2023 మార్చిల మా ఇంటికి బ్లౌజు కొలతలియ్యనీకి వచ్చిన ఆడోళ్ల మాటల్ల తేలింది ఇదే.

మాది ధర్మాబాద్. నాందేడ్ జిల్లాల తెలంగాణ అంచుకు ఆనుకోని ఉంటది. రైలెక్కితే ముందు స్టేషను బాసర, గోదావరి దాటి ఇంకింత దూరం పోతే మా తల్లిగారి ఊరు నవీపేట. ఇండ్లల్ల తెలుగు, బళ్లె మరాఠీ, బజార్ల రెండూ కలిపి, కోపమొస్తే హిందీ. మా ఆయన మిర్చి అడ్తిల లెక్కలు రాస్తడు గనుక ఎండకాలం మొదలయిందంటె ఇంటిల్లిపాది తుమ్ముకుంటనే ముచ్చట పెట్టుకుంటం. నేను బ్లౌజులు కుడుత.

మార్చి 14, మంగళారం నాడు మహారాష్ట్ర మొత్తంల సర్కారు నౌకర్లు సంప్‌ల దిగిన్రు. పంతుళ్లు, దవాఖానోళ్లు, తహసీలోళ్లు అందరిదీ ఒక్కటే మాట: ‘ఏకచ్ మిషన్, జునీ పెన్షన్’, అంటె ఒక్కటే పట్టు, పాత పింఛను. 2005 నవంబరు 1 తర్వాత నౌకరి ఎక్కినోళ్లకు అప్పటికి పాత పింఛను లేకుండె. పాతదాంట్లనైతే ఆఖరి జీతంల సగం, దాని మీద కరువు భత్యం, బతికినన్ని రోజులు వస్తయి. అప్పటి కొత్తదాంట్ల నెల నెలా జీతంలకెల్లి నూటికి పది కోస్తుండె, సర్కారు పద్నాలుగు కలుపుతుండె, ఆ పైసలు మార్కెట్ల తిరుగుతుండె. తిరిగి తిరిగి రేపు ముసలితనంల ఎంతై వస్తయో అప్పుడు ఎవ్వరూ రాసియ్యకపోయేది. అడిగేది న్యాయమే అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తది. గని 22న పాడ్వా, మన ఉగాది. ఏడాది మొత్తంల నా మిషనుకు ఊపిరాడని వారం ఏదన్న ఉన్నదంటె అదే. న్యాయాన్ని దీపావళి అయినంక అడిగితే ఏం పోయేది?

బడి మొత్తం బందయితె ఒక తీరు. తాళమేసిన్రంటె పిల్లలు ఇంట్ల ఉన్నరు, అంతే. సగం బందు ఉన్నదే, అదీ తిప్పలు. కొన్ని సంఘాలు సంప్‌ల ఉన్నయి, కొన్ని లేవు. మా బళ్లె చిన్నోని మేడం సంప్‌ల ఉన్నది, అయిదో తరగతి గురూజీ లేడు. చిన్నోడు మూడో తరగతి, పెద్దది ఏడు. రాత్రి పదింటికి ఫోన్ల మెసేజి: రేపు అయిదు, ఆరు తరగతులకే బడి. పదకొండింటికి ఇంకొకటి: ఆరు లేదు, ఏడు ఉన్నది. తెల్లారి దంతాలు తోముకుంటుంటె మూడోది: ఏడు సంగతి బడికాడికి వస్తే చెప్తం. పెద్దది బట్టలేసుకోని, బ్యాగు తగిలిచ్చుకోని, ఒక్క జడ అల్లుకోని వాకిట్ల కూసున్నది. రెండో పక్క జుట్టు ఇరబోసుకునే ఉన్నది. ‘ఇదేందే?’ అంటె, ‘బడి ఉంటే రెండోది అల్లుకుంట, లేకుంటె ఇది ఇప్పుకుంట’ అన్నది. సర్కారుకు, సంఘాలకు ఇంత తెలివి ఉంటె ఈ లొల్లే ఉండకపోవు.

వంటబాయి మాత్రం రోజూ వచ్చింది. చెప్పెటోళ్లు లేని తరగతుల పిల్లలు గూడ సరిగ్గ ఖిచిడి యాళ్లకు ప్లేటు వట్టుకోని పోయి, తిని, మూతి తుడుసుకోని వాపసొచ్చేది. చిన్నోని లెక్కల బడి అంటె అసలు పని అదే. మిగతాదంత ఖిచిడి ఉడికేదాక కాలక్షేపం.

నా దగ్గరికొచ్చినోళ్లు పీసు మిషను మీద పెట్టి, టేపుకు చెయ్యి లేపంగనే సంప్ ముచ్చట మొదలు. ప్రైవేటు ఇంగ్లీషు మీడియంల పిల్లలున్నామె, ‘వాళ్ల హక్కు వహినీ (వదినా), అడగనియ్యి’ అని మస్తు పెద్దమనసుతోని అన్నది. ఆమె పిల్లలను తొమ్మిదింటికే వ్యాను ఎత్తుకపోయింది మరి. తెల్లారి ఆ వ్యాను డ్రైవరు ఎవరిదో పెండ్లికి పోయి రాలే. పొద్దుమీకి చీరకు ఫాల్ వేయించనీకి వచ్చి, ‘ఈ చదువు చెప్పెటోళ్లకు భయమే లేకుంట పోయింది’ అన్నది. వ్యాను డ్రైవరుకు, పాత పింఛనుకు ఏం సంబంధమో అడుగుదునే, నోట్ల గుండుసూదులున్నయి.

పదో తరగతి బిడ్డ ఉన్నామెకు సంప్ అయితున్నదని పెద్దగ యాదిల గూడ లేదు. బోర్డు పరీక్షలు నెల మొదట్ల సురువైనయి, నడుస్తనే ఉన్నయి. ‘పరీక్ష పెట్టెటోళ్లు వస్తున్నరు గదా, చెప్పెటోళ్లు ఇప్పుడెందుకు?’ అన్నది. మిర్చి తొడిమెలు తీయబోయే ఆమె ఉన్నది మా గల్లీల. కూలికి పొయ్యేముందు పిల్లగాన్ని మా అరుగు మీద దించి, ‘పింఛను ఇయ్యనీ, ఇయ్యకపోనీ, ఖిచిడి మాత్రం ఆపద్దు’ అన్నది. మళ్ల రెండడుగులు ఏసి, తిరిగి, ‘నేను ఒక్కరోజు రాకుంటె నా జాగల ఇంకొకామెను తెచ్చుకుంటరు వహినీ. వాండ్లు రాకుంటె ముఖ్యమంత్రి మాట్లాడుతున్నడు. గట్ల ఉండాలె నౌకరంటె’ అన్నది. వారమంత నేను విన్న మాటల్ల కోపం లేని మాట ఇదొక్కటే.

ఇగ మా చెల్లె. నవీపేటకెల్లి ఫోను చేసింది. ‘అక్కా, మాకు పదిహేనుకెల్లి ఒంటిపూట బళ్లు. ఎనిమిదింటికి పోతే పన్నెండున్నరకు నెత్తి మీద కూసుంటున్నరు. మాకు సంప్ లేకుంటనే సగం బందు’ అని నవ్వింది. మా అత్తమ్మ అందుకున్నది: ‘అందర్ని బాసర తోల్కపో. సరస్వతమ్మైతె సంప్ చెయ్యది గద.’

అసలు మా ఇంట్ల పంతులే ఉన్నడు. మా మామ జిల్లా పరిషత్ బళ్లె పనిచేసి రిటైరైన మనిషి. ఊర్ల సగం మంది ఇప్పటికీ గురూజీ అనే పిలుస్తరు. అందుకే గల్లీల తల్లులంత, ‘గురూజీ ఉన్నడు గద’ అని పిల్లలను మా ఇంట్ల దించి పోయేది. గని గురూజీ ఇంట్ల ఉంటెనా? పొద్దున్నే ఇస్త్రీ అంగి తొడుక్కోని, టోపీ పెట్టుకోని, తహసీలు కచేరి ముందర టెంటు కిందికి పోయేది. అక్కడ చాయ్, పాత దోస్తులు, నినాదాలు. పగటీలి అన్నానికి వచ్చినంక, ‘జర పిల్లలకు ఎక్కాలు చెప్పుండ్రి మామా’ అంటె, రెండు చేతులు లేపి, ‘సంప్ నడుస్తుంటె పాఠం చెప్తే ద్రోహం బిడ్డా’ అనేది.

‘రిటైరై ఇరవై ఏండ్లాయె. నీది ఎవరి మీద సంప్?’ అని అత్తమ్మ.

‘పాత పింఛను తింటున్న. తినెటోడు తినలేనోని దిక్కు నిలబడాలె.’

‘తిననీకి కూరగాయలు తెమ్మంటె గూడ సంపేనా?’

ఆయన దానికి జవాబియ్యలే. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు గూడ ఆ వారం సంప్‌లనే ఉన్నయి. మా ఆయన ఏమన్న అంటడేమో అని చూసిన. అడ్తి గుమస్తాకు పింఛను ఎక్కడిది? ఈ ఇంట్ల నెల ఒకటో తారీఖు నాడు అదురు బెదురు లేకుంట వచ్చేది మామ పైసలే, పిల్లల చదువుకు పొయ్యేదీ అవే. మా ఆయన ఒకసారి తుమ్మి, కూరగాయల సంచి వట్టుకోని పోయిండు.

గట్ల గురూజీ లేని బడికి మా పెద్దది పంతులమ్మ అయ్యింది.

ఆ నాడు ఏమైందంటె, పగటీలి మూడింటికి మబ్బు పట్టింది. ఆ వారం రోజూ ఇదే కథ, అకాల వాన. మేడ మీద మా ఏడాది మిర్చి ఎండుతున్నది. నేను, అత్తమ్మ పైకి ఉరికినం. ఎగబోసి, మూట కట్టి, తాడుపత్రి కప్పి, కండ్లు మండుకుంట దిగేసరికి ముందర అర్రల బడి నడుస్తున్నది. కిటికీకి, అలమారికి నడుమ కట్టిన తీగకు క్లిప్పులు పెట్టి ఒక నల్లబల్ల యాలాడదీసిన్రు. నల్లది కాదు, వంగపండు రంగుది. పట్టు బ్లౌజు పీసు. దాని మీద తెల్లగ, పెద్ద పెద్ద అంకెలతోని పదిహేడో ఎక్కం.

ఆ పీసు ఎవరిదంటె, చిన్నోని మేడంది. సంప్‌ల ఉన్న మేడందే. కొలతలు తీసుకోని, అస్తర్ తడిపి ఆరేసుకోని, పొద్దుమీకి కత్తిరిద్దామని మడత పెట్టి ఉంచిన పీసు.

చాక్ చూసిన. కుట్టెటోళ్లకు చెప్పనక్కర్లేదు గని మిగతావాళ్లకు చెప్తున్న. మా చాకుల రెండు రకాలుంటయి. మట్టి చాకయితె బ్రష్షు కొడితే రాలిపోతది. మైనం చాక్ ఉన్నదే, అది ఉన్ని బట్టలకు వాడేది. దాని మీద ఇస్త్రీ తగిలిందంటె కరిగి బట్టలకు దిగుతది, ఇగ మరక పోదు. పట్టు మీద దాన్ని ముట్టం. సొరుగు అడుగున ఎప్పటిదో మైనం చాక్ ముక్క ఒకటి పడి ఉండె. మట్టి చాకులన్ని పక్కన పెట్టి దాన్నే ఎట్ల ఎతికి తీసిన్రో ఆ సరస్వతమ్మకే తెలవాలె. ‘ఇది మస్తు తెల్లగ పడుతున్నదమ్మా’ అని పెద్దది మురుసుకుంట చెప్పింది.

నా నోట్లకెల్లి మాట వచ్చేలోపట గేటు చప్పుడైంది. వాన చినుకులకు టెంటు లేపేసినట్టున్నరు. ముందల మామ, ఎనక మేడం. కొంగు నెత్తి మీద కప్పుకోని, చెప్పులు ఇడిసి, ‘వహినీ, బ్లౌజు ఎందాక వచ్చింది?’ అనుకుంటనే అర్రలకు అడుగు పెట్టింది. పెట్టి ఎక్కం దిక్కు చూసింది.

‘పదిహేడు ఎనిమిదులు నూటఇరవై ఆరా?’ అన్నది. ‘ఎవర్రా రాసింది?’

చిన్నోడు పెద్దదాని ఎనక దాక్కున్నడు. మేడం సర్రున పోయి, చిటికెన వేలితోని రెండును తుడిచి, మా పెద్దదాని చేతిలకెల్లి చాక్ గుంజుకోని, మూడు రాసింది. నూటముప్పై ఆరు. రాసి, కింద గీత గూడ కొట్టింది. ‘ఏడు పదిహేడులు నూటపంతొమ్మిది. దానికి ఇంకొక పదిహేడు కలుపు. ఎంతయితది? చెప్పుండ్రి అందరు!’

‘నూటముప్పై ఆరు!’ అని గల్లీ పిల్లలంత ఒక్క గొంతుతోని అరిచిన్రు.

‘బిడ్డా,’ అన్నడు మా మామ గడపల నిలబడి, టోపీ తీసుకుంట. ‘సంప్.’

మేడం చెయ్యి అట్లనే ఆగింది. ఈ మేడం చిన్నప్పుడు మా మామ దగ్గర చదువుకున్న పిల్లనే. ఆ పదిహేడో ఎక్కం ఆమెకు నేర్పింది గూడ ఆయననే కావొచ్చు. మొఖం ఎర్రగైంది. ‘తప్పు కనబడ్డది గురూజీ, చెయ్యి ఆగలే’ అన్నది.

‘పాఠం చెప్పినవ్.’

‘పాఠం కాదు గురూజీ, ఒక్క అంకె.’

‘గీత గూడ కొట్టినవ్. పిల్లలతోని చెప్పించినవ్ గూడ.’

‘ఇప్పటికే జీతం కోస్తమంటున్నరు. ఒక్క అంకెకు మీరేం కోస్తరు చెప్పుండ్రి?’

మామ నిజంగనే ఆలోచించిండు. ఇది సంప్ తప్పినట్టా, కాదా. బళ్లె చెప్తే తప్పు గని ఒకరింట్ల చెప్తే ఏమైతది. జీతం లేని పని పని కిందికి వస్తదా. ఇద్దరు గడపల నిలబడి సంఘం మీటింగు పెట్టిన్రు. నేను ఆ సందున క్లిప్పులు ఒక్కొక్కటి ఇప్పుతున్న. మూడో క్లిప్పు ఇప్పంగ బట్ట జారి సగం మడత పడ్డది, జరీ అంచు బయటికి వచ్చింది.

మేడం మాట ఆపింది. అంచు దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. మళ్ల అంచు దిక్కు చూసింది.

‘ఇది నాది,’ అన్నది.

ఎవరూ ఏమనలే. బయట వాన మాత్రం దంచుతున్నది.

నేను బట్ట తిరగేసి చూసిన. ముందుదిక్కు జరీ మెరుస్తున్నదని, చాక్ జారుతున్నదని పిల్లలు ఉల్టాదిక్కు రాసిన్రట. దేవుడు ఉన్నడు అనుకున్న. ఉల్టా అయితె లోపటికి పోతది, మీదికెల్లి అస్తర్ పడుతది. ఇస్త్రీ చెయ్యకుంట గోటితోని కుట్టు మడత ఒత్తుకుంట కుట్టి ఇస్తనని చెప్పిన. మేడం బట్టను వెలుతురుకు పట్టి చూసింది. అద్దం ముందల నిలబడి ఈపుకు ఆనిచ్చి చూసుకున్నది. ‘బయటికి కనబడదు గద వహినీ?’ అని అడిగింది. కనబడదన్న. ‘మరి కుట్టు పైసలు?’ అన్నది. సగం తీసుకుంటనన్న. దానికి మా మామ, సగం జీతం, సగం పింఛను, సగం బందు, సగం కుట్టు అని ఏదో సురువు చేసిండు గని అత్తమ్మ చాయ్ గ్లాసు చేతిల పెట్టి ఆపింది.

20వ తారీఖు సోమారం నాడు ముంబైల అప్పటి ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ శిందేతోని మాటలైనయి, సంప్ వాపసు తీసుకున్నరు. మంగళారం బడి మొత్తం తెరిచిన్రు. పెద్దది రెండు జడలు అల్లుకోని పోయింది. బుధారం పాడ్వా, మళ్ల సెలవు. ‘ఒక్కరోజుకు తెరిచుడెందుకు, పాడ్వాకు గుఢీ కర్ర నిలబెట్టినంక తెరిస్తే కాకపోవునా’ అని, సంప్ చేసెటోళ్లది హక్కన్న ఆ ఇంగ్లీషు మీడియమామెనే అన్నది.

ఆ ఒక్కరోజుల మేడం మూడో తరగతికి ఇంటిపని ఇచ్చింది: పదిహేడో ఎక్కం అయిదుసార్లు. పాడ్వా నాడు పచ్చడి తిని, చిన్నోడు బుద్ధిగ కూసోని రాసిండు. అయిదుసార్లూ ఎనిమిదో వరస నూటఇరవై ఆరే. ‘మేడం నీ ముందలనే దిద్దింది గదరా!’ అంటె, ‘ఆమె అప్పుడు సంప్‌ల ఉండె గదమ్మా, అది లెక్కకు రాదని తాత అన్నడు’ అన్నడు.