మంటలు ఆరకముందే తప్పెవరిదో తేల్చేస్తే ఎట్లా?

2024 జులై 24న ఖాట్మండు త్రిభువన్ విమానాశ్రయంలో శౌర్య ఎయిర్‌లైన్స్ వాళ్ల చిన్న జెట్ టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే పడి కాలిపోయింది. పెద్ద రిపేరు కోసం పోఖరాకు తీసుకెళ్తున్నారు. లోపల 19 మంది, దాదాపు అందరూ కంపెనీ స్టాఫే, ఒక టెక్నీషియన్ భార్య, చిన్న కొడుకు కూడా ఉన్నారు. 18 మంది పోయారు, కెప్టెన్ ఒక్కడే బతికాడు. మర్నాడు సాయంత్రం తిరుపతిలో మా ఇంటి వరండాలో మా బావకీ మా చెల్లెలు సుజాతకీ దీనిమీదే వాదన. బావ ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. సుజాత ఆఫీసు పనిమీద రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ఏటీఆర్ అనే చిన్న విమానంలో తిరుగుతుంటుంది. గుర్తున్నంతవరకు వాళ్ల మాటలు ఇవి.

బావ: ఆ వీడియో మన గ్రూపులో పెట్టింది నువ్వేనా? కింద ‘అందర్నీ చంపి తను బతికాడు’ అని ఆ పైలట్ మీద రాసుంది.

సుజాత: ఆ రాత నాది కాదు బావా, వచ్చింది వచ్చినట్టు పంపాను. అయినా తప్పేముంది? విమానం లేచీ లేవకముందే ఒక పక్కకు ఒరిగిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది కదా.

బావ: ఒరగడం కనిపిస్తుంది, ఎందుకు ఒరిగిందో కనిపించదు. బ్రేకు పడక బస్సు ఎవరినైనా గుద్దితే జనం ముందు డ్రైవర్ చొక్కా పట్టుకుంటారు. ఆ బస్సు డిపోకొచ్చాక అడుగున పడుకొని చూసేది మేము. అప్పటికే వాడు నాలుగు దెబ్బలు తినుంటాడు.

సుజాత: అలాగని నోరు మూసుకోవాలా? 2013 నుంచి యూరప్ వాళ్లు నేపాల్ విమాన కంపెనీలను అటువైపు రానివ్వట్లేదు. ఇన్నేళ్లయినా ఆ నిషేధం తీయలేదంటే అక్కడ అజమాయిషీ ఎట్లా ఉన్నట్టు?

బావ: ఇప్పుడు సరిగ్గా మాట్లాడావు. తప్పు అజమాయిషీలో ఉందంటున్నావు, మరి తిట్టేది ఆస్పత్రిలో ఉన్న మనిషిని ఎందుకు?

(ఇక్కడ సుజాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకైతే బావ గెలిచేశాడనిపించింది, తొందరపడ్డాను.)

బావ: అమెరికాలో ఒకటి జరిగింది, డాక్యుమెంటరీలో చూసి తర్వాత వెతుక్కొని చదివాను. 2003 జనవరి 8, షార్లెట్ ఎయిర్‌పోర్ట్, ఎయిర్ మిడ్‌వెస్ట్ వాళ్ల 19 సీట్ల బీచ్‌క్రాఫ్ట్. లేచిన అర నిమిషానికే ముక్కు బాగా పైకెత్తేసి, విమానాలు పెట్టే షెడ్డుకు (హ్యాంగర్) గుద్దుకొని పడింది, 21 మందీ పోయారు. కెప్టెన్ 25 ఏళ్ల అమ్మాయి. చిన్నపిల్లకి విమానం ఇచ్చారని నీలాంటి వాళ్లు ఇట్టే తేల్చేస్తారు. అసలు జరిగిందేంటంటే, తోకమీద ముక్కును పైకీ కిందికీ ఆడించే ఎలివేటర్ అనే పలక ఉంటుంది, దాని కేబుల్‌ను మధ్యలో మరల గొట్టం తిప్పి బిగిస్తారు. ప్రమాదానికి రెండు రాత్రుల ముందు దాన్ని సవరించిన మెకానిక్ కొన్ని స్టెప్పులు వదిలేశాడు, పక్కన చూడాల్సినవాడు సరేనన్నాడు. ముక్కు కిందికి దించే వైపు ఎలివేటర్ దాదాపు సగమే కదిలే స్థితి. అట్లాగే తొమ్మిది ట్రిప్పులు తిరిగింది సుజాతా! పదోసారి వెనక బరువు ఎక్కువైంది, ఆ అమ్మాయి ఎంత తోసినా ముక్కు దిగలేదు. గ్యారేజీలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, ఆ తొమ్మిది ట్రిప్పుల మాట చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

సుజాత: బరువు ఎందుకు ఎక్కువైంది? తూకం వేయరా?

బావ: మనిషికి సగటున ఇంత అని ఒక లెక్క, రూల్ ప్రకారమే వేశారు. జనం ఆ లెక్కకన్నా బరువెక్కి చాలా ఏళ్లయింది. తర్వాత చూస్తే దాదాపు 260 కిలోలు ఎక్కువ. అప్పుడు ఆ సగటు పెంచారు.

సుజాత: మీరు చెప్తుండగానే ఫోన్లో చూస్తున్నా, ఇందులో మీరు చెప్పని సగం ఉంది. చనిపోయిన ఒక అమ్మాయి తల్లిదండ్రులు డబ్బుతో ఊరుకోకుండా తప్పు ఒప్పుకోవాలని పట్టుబట్టారు, 2005లో కంపెనీ అందరిముందూ క్షమాపణ చెప్పింది. వాళ్లు కూడా రిపోర్టు వచ్చింది కదా అని ఊరుకుంటే? నిదానంగా ఉండండని చెప్పడం మనకి సులువు బావా, మన ఇంట్లో ఎవరూ పోలేదు.

బావ: అది నిజమే. కాదనను.

సుజాత: పైగా మనవాళ్లకి మతిమరుపు. వారం తిరిగితే ఇంకో వార్త.

బావ: మరిచిపోవడం ఒక రకం, ఊహించుకోవడం ఇంకో రకం. 2009 సెప్టెంబర్ 2 గుర్తుందా? మన చిత్తూరు దగ్గర అనుపల్లెలో రచ్చబండకని జనం కాచుకొని ఉన్నారు, వైఎస్ హెలికాప్టర్ రాలేదు. ఆ పగలంతా ఎవరి నోట విన్నా ఒక్కో కథ. మర్నాడు నల్లమలలో శకలాలు దొరికాయి. నాలుగు నెలలకి, ఆ చావు వెనక ఒక పెద్ద కంపెనీ ఉందన్న ఏదో వెబ్‌సైట్ రాతను టీవీలో చూపిస్తే, ఆ కంపెనీ షాపుల మీద రాళ్లు వేశారు. ఆ షాపుల్లో పనిచేసిన పిల్లలు ఏం చేశారు పాపం?

సుజాత: గుర్తుంది, ఇంటర్‌లో ఉన్నా. సరే, ఆ పైలట్ మాట తీసేస్తా. ప్రశ్న మాత్రం ఇవాళే అడుగుతా, రిపోర్టు దాకా ఆగను.

(ఖాట్మండు ప్రమాదం తుది రిపోర్టు తర్వాత వచ్చింది. టేకాఫ్ వేగాల పట్టికే తప్పుగా ఉంది, తక్కువ వేగంలోనే ముక్కును మరీ జోరుగా ఎత్తారు, విమానం స్టాల్ అయింది, అంటే రెక్కలకు గాల్లో నిలబెట్టే బలం పోయింది. పట్టిక సంగతి అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదు.)

బావ: ఏమని అడుగుతావ్?

సుజాత (టైప్ చేస్తూ): ‘రిపేరుకు పోయే విమానంలో అంతమందిని, ఆ చిన్నపిల్లాణ్ణి ఎందుకు ఎక్కించారు? ఎవరు సంతకం పెట్టారు?’

బావ: పంపు. నా పేరు కూడా పెట్టు.